ఎడమ చేతి వరస

పని ఏదైనా సరే, అది ముగిసే చోట ఆమె ఎడమ చెయ్యి పైకెత్తి మణికట్టు దగ్గర ఒక్కసారి విదిలించేది. తడి దులుపుకున్నట్టు. చెయ్యి పొడిగా ఉన్నా అంతే. అంట్లు కడిగాక విదిలించేది. మైనంలో పన్ను కుదిరాక విదిలించేది. మాటామాటా పెరిగి ఇక చాలు అనిపించినప్పుడూ అదే. అన్నగారి భార్య ఫోన్లో చుట్టాలతో, "మా ఆడపడుచు చెయ్యి విదిలించేసింది, ఇంక ఆ సంగతి ఎత్తకండి," అనేది.

కీబోర్డు దగ్గరా అంతే. సంగీతం ఒక నడక నుంచి ఇంకో నడకకి తిరిగే ముందు ఆమె ఎడమ చెయ్యి మెట్ల మీద నుంచి లేచేది. ఒక్క దెబ్బ పాటు కింది స్వరాలు ఆగేవి. చెయ్యి మళ్ళీ దిగేది. కొత్త నడక మొదలయ్యేది.

అందరూ ఆమెని చిట్టి అనేవారు. యాభై దాటినా చిట్టే.

ఆమె వృత్తి పళ్ళ సెట్లు చెయ్యడం. పళ్ళ డాక్టర్ల దగ్గర నుంచి ల్యాబుకి నోటి అచ్చులు వచ్చేవి. వాటిలో ప్లాస్టర్ పోసి దవడలు తీసేవాళ్ళు. పై దవడనీ కింది దవడనీ ఒక చట్రంలో బిగించి, మైనం కట్టి, ఆ మైనంలో ఆమె ఒక్కొక్క పన్నే నిలబెట్టేది. సన్నటి కత్తిని మంట మీద వేడి చేసి చిగుళ్ళు చెక్కేది. చట్రం మూసేది, తెరిచేది, ఏ పన్ను దేనికి తగులుతోందో చూసేది. కత్తి కుడి చేతిలో. దవడ ఎడమ చేతిలో. రోజంతా కుడి చెయ్యి తిరుగుతుంటే, ఎడమ చెయ్యి కదలకుండా పట్టుకుని ఉండేది.

"పగలంతా పళ్ళు. ఇంటికొస్తే మళ్ళీ ఆ తెల్ల పళ్ళూ నల్ల పళ్ళూ," అనేది వదిన కీబోర్డుని చూసి. "ఆ నల్లవాటినైనా ఓసారి తోమకూడదూ?"

నాన్న రేడియోలు బాగుచేసేవాడు. ఎవరో బాగుకి ఇచ్చి, తిరిగి రాకుండా పోయిన ఎలక్ట్రిక్ ఆర్గన్ ఒకటి ఆయన దుకాణంలో ఒక మూల ఉండేది. చిట్టి దాని మూత మీద బడి పుస్తకాలు పెట్టుకుని చదివేది. ఒక సాయంత్రం నాన్న, బాగుచేసిన రేడియోకి ముల్లు తిప్పి చూస్తున్నాడు. ఎక్కడిదో దూరపు స్టేషన్ తగిలింది. అందులో ఎవరూ పాడటం లేదు. ఏదో ఆర్గన్ లాంటిది మోగుతోంది. ఎంతకీ అయిపోవడం లేదు. నడక మారుతోంది, మారిన చోటా నిలవడం లేదు. చిట్టీ, అన్నయ్యా పని మానేసి నిలబడిపోయారు. ఇంతలో స్టేషన్ పోయింది. అది ఎవరి సంగీతమో తెలియలేదు. మర్నాడు చిట్టి పుస్తకాలు తీసేసి మూత ఎత్తింది. అన్నయ్య పాత టైరు ట్యూబు కోసి డబ్బాల మూతికి డ్రమ్ముల్లా బిగించి కట్టాడు. మిగతా భాగం ఎలా ఉండి ఉంటుందో ఇద్దరూ వాయించి చూసుకున్నారు. ఆ చూసుకోవడం ఏళ్ళ తరబడి సాగింది.

అలా నడకలు మార్చుకుంటూ సాగే సంగీతాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని చాలా కాలం తర్వాత టైలరు చెప్పాడు.

"అననీ," అన్నాడు అన్నయ్య.

టైలరు వాళ్ళకి మూడోవాడు. చిన్నవాడు. రెండో కీబోర్డు అతనిది. కుట్టుమిషను తొక్కిన కాలికి కీబోర్డు కింద పెడల్ కొత్తేమీ కాలేదు. బట్ట పరిచినట్టు పొడుగ్గా సాగే స్వరాలు అతను వాయించేవాడు.

మొదట్లో గిటారు కూడా ఉండేది. అన్నయ్య స్నేహితుడొకడు వాయించేవాడు. బాగా వాయించేవాడు. ఎప్పుడూ వాయించేవాడు. మిగతావాళ్ళు ఆగిన చోట కూడా వాయించేవాడు. ఒకరోజు అన్నయ్య డ్రమ్ము పుల్లలు కింద పెట్టాడు.

"పక్కవాళ్ళు ఏం వాయిస్తున్నారో విననివాడు మనకొద్దు," అన్నాడు.

"గిటారు లేకుండా ఎలా వాయిస్తార్రా?"

"మా చెల్లెలి ఎడమ చెయ్యి ఉంది."

స్నేహితుడు గిటారు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఎవర్నీ పెట్టుకోలేదు. లోతైన స్వరాలన్నీ ఆమె ఎడమ చేతి కిందికి వచ్చాయి. కుడి చెయ్యి ఇష్టమొచ్చినట్టు తిరిగేది. ఎడమ చెయ్యి నేల.

మధ్యలో పెళ్ళి చేసుకుంది. కీబోర్డు తీసుకుని వెళ్ళింది. కొన్నాళ్ళకి కీబోర్డు తీసుకుని తిరిగొచ్చింది.

"మిగతా సామానేదీ?" అంది వదిన గుమ్మంలో.

"ఇదే సామాను," అని చెయ్యి విదిలించింది.

ఎవరూ మళ్ళీ అడగలేదు. అన్నయ్య ఇంటి మేడ మీద గదిలో ఉండిపోయింది.

అన్నయ్యది టైర్ల షాపు. పొద్దస్తమానం గాలి మిషను రొద, రిమ్ముల మీద సుత్తి దెబ్బలు. షాపు వెనక రేకుల షెడ్డు. సిమెంటు నేల. సాయంత్రం షట్టరు దించాక ముగ్గురూ అక్కడ వాయించేవాళ్ళు. ఆమె కీబోర్డు డ్రమ్ములకి పక్కగా ఉండేది, ఎడమ చెయ్యి అన్నయ్య వైపు ఉండేట్టు. అలా పెట్టమన్నది అన్నయ్యే. ఎప్పుడు పెట్టమన్నాడో ఆమెకి గుర్తులేదు.

వాళ్ళు కడుతూ వచ్చిన వాటిలో అన్నిటికన్నా పొడుగైనదాన్ని పెద్దది అనేవాళ్ళు. ఏడు దెబ్బల నడకలో మొదలై, ఐదుకి తిరిగి, మళ్ళీ ఏడుకి వచ్చి, వచ్చిన దారి మరిచిపోయినట్టు ఇంకెటో వెళ్ళేది. ప్రతి ఏడాదీ దానికి ఒక ముక్క చేరేది.

"ఈపాటికి ఇల్లు కట్టి గృహప్రవేశం కూడా చేసేవాళ్ళు," అనేది వదిన.

"ఇంటికి పైకప్పు వేస్తే అయిపోతుంది. దీనికి వెయ్యకూడదు," అనేవాడు అన్నయ్య.

అలా ఉండగా ఆమె ఎడమ చేతి వేళ్ళు మొద్దుబారడం మొదలైంది. ల్యాబులో ఎవరిదో పై దవడ చేతిలోంచి జారి నేల మీద పడి విరిగింది. మళ్ళీ చేసింది. అది కూడా జారింది. డాక్టరు మణికట్టు వంచి చూశాడు, మెల్లగా తట్టి చూశాడు.

"నరం నొక్కుకుపోతోందమ్మా. ఈ చేతితో ఏమేం చేస్తారు?"

ఆమె చెప్పింది.

"ఈ చేతికి రెండు పనులూ కుదరవు. ఒకటి ఉంచుకోండి."

ఏది ఉంచుకోవాలో ఆలోచించనక్కర్లేదు. పట్టు పోతే ల్యాబు పోతుంది. తిండి అక్కడిది.

సరిగ్గా అప్పుడే వాళ్ళకి ఒక హాలు దొరికింది. గ్రంథాలయం పక్కన, చెక్క వేదిక ఉన్న పాత హాలు. ఒక సాయంత్రం వాయించుకోమన్నారు. పెద్దదాన్ని ఇంతవరకూ షెడ్డు బయట ఎవరూ వినలేదు.

టైలరు ఒక చిన్న నల్ల పెట్టె తెచ్చాడు.

"చిట్టక్కా, నీ ఎడమ చేతి వరస దీనిలోకి ఎక్కించేద్దాం. ఒక్కో నడకా ఒక్క చుట్టు వాయించు, చాలు. మిగతాదంతా ఇదే తిప్పుకుంటుంది. ఎక్కడ మారాలో నేను దీనికి చెప్తా."

"మరి నా చెయ్యేం చేస్తుంది?"

"ఒళ్ళో కూచుంటుంది. రిటైరైందనుకో."

ఆమె ఒక్కో చుట్టు వాయించింది. టైలరు వాటిని ఒకదాని వెనక ఒకటి అతుకు కనబడకుండా కుట్టాడు. నడక నుంచి నడకకి నున్నగా తిరిగింది.

ఆ సాయంత్రం అన్నయ్య పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంటిది?"

"చిట్టక్క ఎడమ చెయ్యి," అన్నాడు టైలరు.

"తిండి పెట్టాలా?"

"కరెంటు తింటుంది. నీలా రెండోసారి అడగదు."

అన్నయ్య నవ్వాడు. మొదలుపెట్టారు. మొదటి మలుపు దగ్గర పెట్టె ఐదుకి తిరిగింది. అన్నయ్య ఏడులోనే ఉన్నాడు. ఆపారు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అదే చోట విడిపోయారు.

"ఈ డబ్బా తొందరపడుతోందిరా," అన్నాడు అన్నయ్య.

"డబ్బా తొందరపడదు పెద్దాయనా. దానికి ఇంటి దగ్గర పెళ్ళాం ఎదురుచూడట్లేదు."

మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి మలుపు ఇంకా చాలా దూరంలో ఉండగా, ఒళ్ళో పెట్టుకున్న ఆమె చేతికి తిమ్మిరెక్కింది. ఎత్తి విదిలించింది.

అన్నయ్య ఐదుకి తిరిగాడు.

పెట్టె ఏడులో ఉంది. టైలరు ఏడులో ఉన్నాడు. రేకులు అదిరేట్టు షెడ్డు నిండా ఏడు మోగుతోంది. అన్నయ్య ఒక్కడే ఐదులో వెళ్ళిపోతున్నాడు. తడబాటు లేదు. అనుమానం లేదు. చిన్నప్పుడు డబ్బాల మీద వాయించినప్పటి నమ్మకం మొహం మీద ఉంది. ఆమె ఎడమ చేతి వైపు చూస్తున్నాడు.

ఆమె కుడి చెయ్యి కూడా తీసేసింది. అన్నయ్య చూసి ఆగాడు.

"ఏమైందే?"

"తిమ్మిరి," అంది.

టైలరు పెట్టెలో తప్పు వెతుకుతూ కూర్చున్నాడు. 

ఇంట్లో వదిన ఆరిన బట్టలు మడతపెడుతోంది. ముందు గదిలో టీవీ వీధి చివరికి వినబడేట్టు మోగుతోంది. దాని ముందు అన్నయ్య.

"వదినా. అన్నయ్యకి వినబడటం లేదు."

"మీ అన్నయ్య నా మాట ఎప్పుడు విన్నాడు గనక."

ఇంట్లో రోజూ ఆడే హాస్యమే అది. రోజూ అందరూ నవ్వేదే. చిట్టి నవ్వలేదు. వదిన చేతిలో తువ్వాలు మడత సగంలో ఆగింది.

"నీకు తెలుసా?" అంది చిట్టి.

"పక్కన పడుకునేదాన్ని. నాకు తెలీదా? ఎడమ చెవి అసలు లేదు. కుడిదానికి, ఎదురుగా నిలబడి మాట్లాడితే తెలుస్తుంది. నలుగురు కలిస్తే అంతా ఒకటే హోరు."

"ఎప్పటినుంచి?"

"ఎప్పటినుంచో అయితే మాత్రం? ఆయన నాకు చెప్పలేదు. నాకు తెలుసని నేనూ ఆయనకి చెప్పలేదు. బండి అలా నడుస్తోంది."

"చెవికి పెట్టుకునేవి ఉన్నాయిగా."

"పెట్టుకుంటే ఒప్పుకున్నట్టేగా." వదిన గొంతు తగ్గించింది. తగ్గించనక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. "ఆ గిటారబ్బాయిని ఏమని పంపించాడూ? ఇప్పటికీ భోజనాల దగ్గర ఎవరొచ్చినా ఆ కథే చెప్తాడు. విననివాడు మనకొద్దన్నాను, అని. ఆ మాట తన దగ్గరికే తిరిగొస్తే ఏం చేస్తాడో నీకు వేరే చెప్పాలా? పుల్లలు కింద పెట్టేస్తాడు. పెట్టేశాక సాయంత్రాలు ఏం చేస్తాడు? నా మొహం చూస్తాడా? ఇన్నేళ్ళుగా చూడనిది."

చిట్టి తువ్వాలు అందుకుని మడత పూర్తి చేసింది.

"నువ్వు అనకు," అంది వదిన. "అనవుగా?"

"అనను."

మర్నాడు ఆమె టైలరుతో, పెట్టె మోగనీ, నా కీబోర్డులో కింది సగం నోరు నొక్కెయ్, అంది. ఎందుకని అడిగాడు. చేతికి అలవాటు పోదు, అంది.

ఎడమ చెయ్యి మూగ మెట్ల మీద పెట్టింది. పెట్టె ఎక్కడికి వెళ్తే అక్కడికి, బరువు వెయ్యకుండా నడిపించింది. నొప్పి లేదు. వేళ్ళ కింద ఏమీ లేదు. మలుపు దగ్గర చెయ్యి ఎత్తి విదిలించింది. అన్నయ్య తిరిగాడు. రెండో మలుపు. విదిలించింది. తిరిగాడు.

"ఇప్పుడు దారికొచ్చింది నీ డబ్బా," అన్నాడు అన్నయ్య.

టైలరు ఆమె చేతిని చూశాడు. పెద్దాయన్ని చూశాడు. సూది బెజ్జంలోకి దారం ఎక్కించేవాడు అతను. "అవును పెద్దాయనా. నిన్న వైరు లూజైంది," అన్నాడు.

వాయించే రోజు, హాలు తెరిచే మనిషి తాళాల గుత్తితో వేదిక పక్కన నిలబడి, సామాను ఎక్కించడం అంతా చూశాడు.

"గిటారేదండీ?"

"లేదండి," అన్నాడు టైలరు.

"ఇంకా రాలేదా?"

"మా పెళ్ళిళ్ళు కాకముందే వెళ్ళిపోయింది."

"మరి పాడేవాళ్ళు?"

"పాడేవాళ్ళూ లేరండి."

తాళాల మనిషి కాసేపు ఆలోచించాడు. "పోనీలెండి, తొందరగా అయిపోతుంది," అన్నాడు.

జనం వచ్చారు. టైర్ల షాపుకి వచ్చేవాళ్ళు, ల్యాబువాళ్ళు, టైలరు దగ్గర కుట్టించుకునేవాళ్ళు. ముందు వరసలో ఒక పెద్దమనిషి ఆమెను చూసి నవ్వాడు. ఆయనెవరో ఆమెకి తెలియదు. ఆ పళ్ళు తెలుసు. కింది వరసలో ఒకటి కాస్త లోపలికి పెట్టింది తనే.

అన్నయ్య ఎప్పటిలాగే చెప్పులు విప్పి కూర్చున్నాడు. వట్టి కాలు పెడల్ మీద. రెండో కాలు చెక్క మీద.

మొదలైంది. మొదటి చుట్టుకే అన్నయ్య తల ఎత్తాడు. షెడ్డులో సిమెంటు. ఇక్కడ చెక్క. పెద్ద స్పీకర్ల నుంచి కింది స్వరాలు వేదికలోకి దిగి, చెక్కల వెంట నడిచి, అతని అరికాళ్ళలోకి వస్తున్నాయి. అతని భుజాలు వదులయ్యాయి. చేతులు తేలికయ్యాయి. ఎన్నాళ్ళుగానో చెయ్యనివి చేస్తున్నాడు, ఏడులోపల ఇంకో చిన్న నడక పెడుతున్నాడు, తీస్తున్నాడు. టైలరు తల తిప్పి చూశాడు. చిట్టి నవ్వింది. అన్నయ్య కూడా నవ్వాడు.

మలుపు వచ్చింది. ఆమె ఎడమ చెయ్యి లేచింది. విదిలించింది.

అన్నయ్య చూశాడు. తిరిగాడు. నడక తప్పలేదు.

కాని అతని చూపు కిందికి, చెక్క మీదికి వెళ్ళింది. అక్కడి నుంచి గాల్లో ఉన్న ఆమె చేతి మీదికి వచ్చింది. అక్కడి నుంచి, ఎర్ర దీపం వెలుగుతున్న నల్ల పెట్టె మీదికి. చివరికి ఆమె మొహం మీదికి.

చెయ్యి గాల్లో ఉంది. నేల మోగుతూనే ఉంది.

ఆమె చెయ్యి దించింది. దించడం ఒక్కటే మిగిలింది.

అన్నయ్య ఆపలేదు. తర్వాతి మలుపు దగ్గర కూడా ఆమె చేతి వైపే చూశాడు. ఆమె విదిలించింది. అతను తిరిగాడు. ఆ తర్వాతి దగ్గరా అంతే. ఆమె అతని కోసం మూగ మెట్ల మీద చెయ్యి నడిపింది. అతను ఆమె కోసం ఆ చేతిని నమ్మినట్టు వాయించాడు. ఇద్దరికీ తెలుసు. పెద్దది అంత బాగా ఎప్పుడూ రాలేదు. చివరి స్వరం టైలరుది. అది సన్నగా సాగి సాగి పోయింది.

నిశ్శబ్దంలో ముందు వరస పెద్దమనిషి, "ఊఁ, ఇంక పాట మొదలెట్టండి," అన్నాడు.

జనం నవ్వారు. తర్వాత చప్పట్లు కొట్టారు. అన్నయ్య కూడా నవ్వాడు, అందరూ నవ్వుతున్నారు కనక.

హాలు ఖాళీ అయ్యాక అన్నయ్య డ్రమ్ముల మరలు విప్పుతూ ఉన్నాడు. ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"చెయ్యి తీసినా ఆగలేదు," అన్నాడు.

గొంతు పెద్దగా వచ్చింది. తలుపు దగ్గర తాళాల మనిషి తిరిగి చూశాడు.

"నువ్వు చెయ్యి తీస్తే కింద ఒక్క దెబ్బ ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో నా దెబ్బ పడుతుంది. ఇవాళ కాళ్ళకి తగుల్తూనే ఉంది. ఎవరు చెప్పారు నీకు? మీ వదినా?"

"ఎవరూ చెప్పలేదన్నయ్యా. ఆ రోజు తిమ్మిరెక్కి చెయ్యి విదిలిస్తే, నువ్వు తిరిగిపోయావ్."

అతను గుర్తు తెచ్చుకున్నాడు. "ఓహో," అన్నాడు. కాస్త నవ్వాడు. "మంచి పని చేశాను."

"అన్నయ్యా..."

"మనం ఒకణ్ణి పంపించాం. గుర్తుందిగా?"

"అది వేరు."

"ఏం వేరు?"

ఆమె వెతికింది.  వాడు వినగలిగీ వినలేదు, అనవచ్చు. ఆ మాట చెప్పాలంటే ముందు, నీకు వినబడదు, అనే మాట చెప్పాలి. అననని వదినకి ఇచ్చిన మాట అడ్డొచ్చిందో, మరేదో. 

అన్నయ్య పుల్లలు టైలరు చేతిలో పెట్టాడు.

"ఎవర్నైనా చూసుకోండ్రా. వినేవాణ్ణి."

"పెద్దాయనా, ఇవి నేనేం చేసుకోను? కాజాలు కుట్టుకోనా?" అన్నాడు టైలరు. 

అన్నయ్య అతని భుజం తట్టి, వ్యాను వెనక తలుపు తియ్యడానికి వెళ్ళాడు. సామాను షెడ్డులో దింపి, ఎవరి ఇంటికి వాళ్ళు వెళ్ళారు. ఆ రాత్రి టీవీ మోగలేదు.

మర్నాడు పొద్దున్న ఆమె పనికి వెళ్ళే ముందు షెడ్డు తెరిచింది. డ్రమ్ములు సంచుల్లోనే ఉన్నాయి. కీబోర్డు పెట్టుకునే చెక్క పెట్టె మూత ఊడదీసి, అన్నయ్య స్టూలు ముందు సిమెంటు మీద పరిచింది. స్పీకర్ని దాని మీదికి జరిపింది. నల్ల పెట్టె మీట నొక్కి వచ్చి అన్నయ్య స్టూలు మీద కూర్చుంది. చెప్పులు విప్పింది. ల్యాబు సంచిలోంచి దూది తీసి చెవుల్లో కుక్కుకుంది. అరచేతులతో గట్టిగా మూసుకుంది. కళ్ళు కూడా.

అంతా హోరు. కాళ్ళ కింద ఏడు దెబ్బలు. ఏడు. మళ్ళీ ఏడు. మలుపు దగ్గరికొస్తుంటే ఎడమ చెయ్యి దానంతట అదే చెవి మీద నుంచి లేచింది.

కింద ఆగలేదు.

లేచి పెట్టె ఆపింది. అందులోని తన ఎడమ చేతి వరస మొత్తం చెరిపేసింది. చెక్క మూత మాత్రం అన్నయ్య కాళ్ళు పెట్టుకునే చోటే ఉంచింది. తాళం వేసింది.

అన్నయ్య ఇంటి వెనక మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు, వీపు ఇటు పెట్టి. ఆమె తాళంచెవి ఎప్పటిలాగే కిటికీ గట్టు మీద పడేసింది. ఇనుము మీద ఇనుము పడినట్టు చప్పుడైంది. వంటింట్లోంచి వదిన తల ఎత్తి చూసింది. అన్నయ్య తిరగలేదు.

చిట్టి చుట్టూ తిరిగి వెళ్ళి, అతనికి కనబడేట్టు, ఎదురుగా కింద కూర్చుంది. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. విదిలించలేదు.